ఇంట్లోనే వాంటన్ సూప్: ఎక్కడ సులువు చేసుకోవచ్చు, ఎక్కడ కూడదు

వాంటన్ సూప్ అంటే హోటల్‌కి వెళ్లి తాగాల్సిందే తప్ప ఇంట్లో అయ్యే పని కాదని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఉండేవి మూడే. పలచటి మైదా రేకు, దాని లోపల చికెన్, రొయ్యలు కలిపిన ముద్ద, చుట్టూ తేటగా ఉండే వేడి సూప్. వీటికి కావలసిన సరుకు ఒడిశాలోని మా పర్లాకిమిడిలో దొరుకుతుంది, సరిహద్దు దాటితే పాతపట్నంలోనూ దొరుకుతుంది. బరంపురం వాళ్లకైతే చిలికా, గోపాల్‌పూర్ దగ్గరే కాబట్టి తాజా రొయ్యలకు లోటే లేదు.

ఈ వంటలో కొన్ని చోట్ల ఎంత సులువు చేసుకున్నా రుచి తగ్గదు. రేకు కాస్త వంకరగా వచ్చినా, మడత అందంగా కుదరకపోయినా ఏమీ కాదు. సూప్ దగ్గర మాత్రం అడ్డదారి తొక్కితే మొత్తం వంట చప్పబడిపోతుంది. సులువు పద్ధతి అంటూ చెప్పేవాళ్లలో చాలామంది మడతల గురించి గంటలకొద్దీ చెప్పి, సూప్ దగ్గరికి వచ్చేసరికి వేడి నీళ్లలో ఒక రెడీమేడ్ సూప్ క్యూబు వేసేయమంటారు. నేను దానికి ఒప్పుకోను. మడతలో మిగిలిన సమయాన్ని సూప్‌కి ఇవ్వండి.

మొదలుపెట్టే ముందు ఇంకో మాట. మా గజపతి జిల్లా పిల్లలకు మోమో బాగా తెలుసు. మోహనా దగ్గర చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్ల సెటిల్‌మెంట్ ఉంది. జిరంగ్‌లో వాళ్ల పెద్ద మఠం చూడడానికి వెళ్లినవాళ్లలో చాలామంది మోమో, థుక్పా (నూడుల్స్ సూప్) రుచి చూసే వస్తారు. అందుకే వాంటన్‌ని చూసి ‘నీళ్లలో మోమో’ అనేస్తారు. రెండూ ఒకటి కాదు. మోమో రేకు గుండ్రంగా, కాస్త మందంగా ఉంటుంది. ఆవిరి మీద ఉడుకుతుంది, చట్నీతో తింటాం. వాంటన్ రేకు చదరంగా, చాలా పలచగా ఉంటుంది. నీళ్లలో ఉడికి సూప్‌లోకి వస్తుంది. మనకు హోటళ్లలో తెలిసిన వాంటన్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ పద్ధతి. అక్కడ పంది మాంసం, రొయ్యలు కలిపి ముద్ద చేస్తారు, సూప్‌లో ఎండబెట్టిన చేప వేసి మరిగిస్తారు. పంది మాంసం తినే ఇళ్లలో అదే వాడుకోవచ్చు. నేను చికెన్‌తో చెబుతున్నాను.

ఏమేం కావాలి

ఇవి నలుగురికి సరిపోయే కొలతలు. ముప్పై, ముప్పై అయిదు వాంటన్లు అవుతాయి.

సూప్‌కి: అర కిలో చికెన్ ఎముకలు, 2 లీటర్ల నీళ్లు, బొటనవేలంత అల్లం, నాలుగు ఉల్లికాడల తెల్లటి భాగం, అయిదారు మిరియాలు, రొయ్యల తలలు, పొట్టు (లేకపోతే ఒక టేబుల్ స్పూను ఎండు రొయ్యపొట్టు), ఉప్పు, ఒక టీస్పూను సోయా సాస్.

రేకులకి: 200 గ్రాముల మైదా, ఒక గుడ్డు, అర టీస్పూను ఉప్పు, సుమారు 3 టేబుల్ స్పూన్ల నీళ్లు, చల్లుకోవడానికి కార్న్‌ఫ్లోర్.

లోపలి ముద్దకి: 150 గ్రాముల చికెన్ ఖీమా, ఒలిచిన రొయ్యలు 100 గ్రాములు, అర టీస్పూను తురిమిన అల్లం, ఒక టేబుల్ స్పూను సన్నగా తరిగిన ఉల్లికాడలు, పావు టీస్పూను మిరియాల పొడి, ఒక టీస్పూను సోయా సాస్, అర టీస్పూను కంటే కాస్త తక్కువ ఉప్పు, చిటికెడు పంచదార, ఒక టీస్పూను కార్న్‌ఫ్లోర్, ఒక టీస్పూను నువ్వుల నూనె, 2 టేబుల్ స్పూన్ల చల్లటి నీళ్లు.

చికెన్ కొనేటప్పుడు ఖీమా విడిగా, ఎముకలు విడిగా కొనే బదులు కిలో, కిలోంబావు కోడిని తీసుకుని లెగ్ పీసుల మాంసం ఎముక తీసి ఖీమా కొట్టించుకోండి. మెడ, వెన్ను, రెక్కల చివర్లు, కాళ్ల ఎముకలు సూప్‌కి వస్తాయి. బ్రెస్ట్ మాంసం మర్నాడు కూరకి ఉంచుకోవచ్చు. ఖీమాకి బ్రెస్ట్ మాంసం వద్దు. కొవ్వు తక్కువ కాబట్టి ఉడికాక పొడిపొడిగా, పీచులా అయిపోతుంది.

సూప్: ముందు పొయ్యి మీద పెట్టాల్సింది ఇదే

ఎముకలు తపేలాలో వేసి, మునిగేలా చన్నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. మరుగు వచ్చాక మూడు, నాలుగు నిమిషాలు ఉంచితే బూడిద రంగు నురుగు పైకి తేలుతుంది. అది ఎముకల్లోంచి వచ్చిన రక్తం, ప్రొటీన్ గడ్డకట్టిన తెట్టు. ఆ నీళ్లన్నీ పారబోయండి. ఎముకల్ని కుళాయి కింద ఒక్కొక్కటే కడిగి, తపేలా కూడా తోమండి. ‘రుచంతా పారబోస్తున్నామే’ అని పెద్దవాళ్లు ఎవరైనా అనవచ్చు. పోయేది మురికే, రుచి కాదు. ఎముకలు తమ సారాన్ని వదలడానికి గంటపైన పడుతుంది, నాలుగు నిమిషాల్లో వదిలేది చాలా తక్కువ.

ఇప్పుడు కడిగిన ఎముకల మీద 2 లీటర్ల మంచినీళ్లు పోసి, నలగ్గొట్టిన అల్లం, ఉల్లికాడల తెల్ల భాగం, మిరియాలు వేయండి. మరుగు రాగానే మంట బాగా తగ్గించాలి. నీళ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ రావాలి, అంతే. కుతకుతా ఉడికిస్తే కొవ్వు సన్నటి బొట్లుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, సూప్ తెల్లగా మసకబారుతుంది. సన్నటి మంట మీదైతే కొవ్వు పైకి తేలి నిలుస్తుంది, గరిటెతో తీసేయవచ్చు. మూత పూర్తిగా పెట్టవద్దు. పెడితే లోపల వేడి పెరిగి మీకు తెలియకుండానే మరిగిపోతుంది. గంట నుంచి గంటన్నర ఇలా ఉంచండి. మధ్యలో కలపాల్సిన పని లేదు.

గ్యాస్ ఆదా కావాలంటే కుక్కర్ వాడుకోవచ్చు. మొదటి విజిల్ రాగానే మంట పూర్తిగా తగ్గించి 25 నిమిషాలు ఉంచండి. మళ్లీ విజిల్ రాకుండా చూసుకోవాలి. విజిల్ వచ్చిన ప్రతిసారీ లోపల నీళ్లు ఒక్కసారిగా తెర్లుతాయి, సూప్ కలకబారుతుంది. స్టవ్ ఆపాక విజిల్ ఎత్తి ఆవిరి వదిలేయకండి, దానంతటదే దిగనివ్వండి. ఈ రెండూ పాటిస్తే కుక్కర్ సూప్ కూడా తేటగానే వస్తుంది.

ఇక రొయ్యల సంగతి. తలలు, పొట్టు పారేయవద్దు. బాణలిలో ఒక టీస్పూను నూనె వేసి, అవి నారింజ రంగుకి తిరిగి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. సూప్ దించడానికి ఇరవై నిమిషాల ముందు అందులో వేయండి (కుక్కర్ అయితే మూత తీశాక వేసి, సన్నటి మంట మీద ఇరవై నిమిషాలు). అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే నీచు వాసన పైకి వస్తుంది. తాజా రొయ్యలు దొరకని రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు వాళ్లకు ఎండు రొయ్యపొట్టు ఉండనే ఉంది. గ్వాంగ్‌డాంగ్‌లో ఎండు చేప చేసే పనిని మన దగ్గర రొయ్యపొట్టు చక్కగా చేస్తుంది. అయితే అందులో ఇసుక ఉంటుంది. రెండు మూడు నీళ్లలో జాడించి, గట్టిగా పిండి, పొడి పెనం మీద తడి ఆరి కరకరలాడేదాకా వేయించి, పలచటి గుడ్డలో మూటకట్టి సూప్‌లో వేయండి.

చివరికి అంతా పలచటి గుడ్డలో వడకట్టండి. లీటరుంబావు దాకా మిగలాలి. ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను సోయా సాస్ వేసి రుచి చూసి, చాలకపోతే ఇంకొంచెం ఉప్పు వేసుకోండి. రొయ్యపొట్టు వేసినవాళ్లు ఉప్పు ఇంకా తక్కువతో మొదలుపెట్టాలి. రంగు కోసం సోయా సాస్ గుమ్మరించకండి. మంచి సూప్ లేత బంగారు రంగులో ఉంటుంది, గిన్నె అడుగు కనపడుతుంది. మంచౌ, స్వీట్‌కార్న్ సూప్‌ల అలవాటు కొద్దీ కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబెట్టాలని అనిపిస్తుంది. ఇందులో చిక్కదనం అక్కర్లేదు.

నువ్వుల నూనె గురించి కూడా చెప్పాలి. చైనా వంటల్లో వాడేది వేయించిన నువ్వుల నుంచి తీసిన ముదురు రంగు నూనె. మన గానుగ నూనె పచ్చి నువ్వులది, ఆ వాసన ఇందులో రాదు. ఒక టేబుల్ స్పూను నువ్వుల్ని దోరగా వేయించి, కచ్చాపచ్చాగా నలిపి, రెండు టేబుల్ స్పూన్ల గానుగ నూనెలో వేసి సన్నటి సెగ మీద రెండు నిమిషాలు వెచ్చబెట్టి చల్లార్చండి. పైకి తేరిన నూనె ఈ వంటకి సరిపోతుంది.

పిండి

సూప్ సన్నటి మంట మీద ఉన్నప్పుడే ఈ పని చూసుకోవచ్చు. మైదాలో ఉప్పు కలిపి, మధ్యలో గుంట చేసి గుడ్డు కొట్టి పోయండి. వేళ్లతో కలుపుతూ నీళ్లు చెంచాడు చెంచాడుగా చల్లండి. పూరీ పిండి కంటే గట్టిగా ఉండాలి. మొదట్లో ఇది కలవదేమో అనిపిస్తుంది, చిట్లుతుంది. నీళ్లు పోసేయకుండా ఒక ముద్దగా దగ్గరకు చేసి, పది నిమిషాలు తడిగుడ్డ కప్పి వదిలేయండి. తర్వాత అరచేతి మడమతో అయిదారు నిమిషాలు ఒత్తితే నున్నగా వచ్చేస్తుంది. మళ్లీ కప్పి అరగంట, ముప్పావుగంట నాననివ్వండి. ఈ నానడం తగ్గిస్తే ఒత్తిన రేకు వెనక్కి లాక్కుంటూ ఉంటుంది.

వానాకాలంలో మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీళ్లు ఒక చెంచా తక్కువ పడతాయి. గుడ్డు తినని ఇళ్లలో అది మానేసి సుమారు 95 మిల్లీలీటర్ల నీళ్లతో కలుపుకోండి. గుడ్డు వేసిన రేకు నీళ్లలో బిగువుగా ఉంటుంది, వేయనిది మెత్తగా ఉంటుంది. రెండోదాన్ని ఉడికిన వెంటనే తినేయాలి.

బజారులో దొరికే సమోసా పట్టీలు దీనికి పనికిరావు. అవి ముందే పెనం మీద సగం కాల్చినవి, అంచులు సరిగ్గా అతుక్కోవు, నీళ్లలో విడిపోతాయి.

లోపలి ముద్ద

ఒలిచిన రొయ్యల వెన్ను మీద నల్లటి నరం తీసేయండి. పావు టీస్పూను ఉప్పు, రెండు చిటికెల వంట సోడా పట్టించి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, బాగా కడిగి, గుడ్డతో తడి అద్దేయండి. సోడా పట్టించిన రొయ్య ఉడికాక రబ్బరులా కాకుండా పటుక్కుమని తెగుతుంది. కడగడంలో మాత్రం అశ్రద్ధ వద్దు, సోడా మిగిలితే సబ్బు రుచి వస్తుంది. సగం రొయ్యల్ని కత్తితో మెత్తగా కొట్టండి, మిగతా సగాన్ని శనగగింజంత ముక్కలు చేయండి. మిక్సీలో వేయకండి.

ఖీమాలో ఉప్పు, పంచదార, సోయా సాస్, మిరియాల పొడి, అల్లం వేసి చేత్తో ఒకే దిశలో తిప్పుతూ కలపండి. చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండాలి. మూడు నాలుగు నిమిషాలకు ముద్ద స్వభావం మారిపోతుంది. మొదట విడివిడిగా జారిపోయే ఖీమా వేళ్లకి అంటుకోవడం మొదలుపెడుతుంది, చెయ్యి పైకెత్తితే సన్నటి దారాలు సాగుతాయి. గిన్నెను ఒరిపినా ముద్ద కదలదు. ఉప్పు తగిలి మాంసంలోని ప్రొటీన్ కరిగి బంకగా మారినందువల్ల ఇలా అవుతుంది. ఆ బంకే నీళ్లను పట్టి ఉంచుతుంది, ఉడికాక ముద్ద జ్యూసీగా ఉండేది అందుకే. అప్పుడు రొయ్యలు, కార్న్‌ఫ్లోర్, ఉల్లికాడలు, చివర్లో నూనె కలపండి. నూనె ముందే వేస్తే బంక రాదు.

మసాలా వేయవద్దని నా సలహా. గరం మసాలా, ధనియాల పొడి పడితే అది కైమా ఉండల రుచికి వెళ్లిపోతుంది. కారం కావాలంటే పక్కన పెట్టుకుందాం.

ఉప్పు సరిపోయిందో లేదో పచ్చి మాంసం నాలుక మీద పెట్టి చూడకూడదు. చిన్న బిళ్ల చేసి పెనం మీద కాల్చి తిని చూడండి. తక్కువైతే అప్పుడే సరిచేసుకోవచ్చు. తర్వాత ముద్దను ఒక పావుగంట ఫ్రిజ్‌లో ఉంచితే చుట్టడం తేలిక.

రేకులు, మడత

పిండిని నాలుగు భాగాలు చేసి, ఒకదాన్ని ఒత్తుతుంటే మిగతావి తడిగుడ్డ కింద ఉంచండి. చలికాలపు పొడి గాలికి మూత లేని పిండి పది నిమిషాల్లో పెచ్చు కడుతుంది. చపాతీ పీట చిన్నదైపోతుంది కాబట్టి కడిగి ఆరబెట్టిన వంటగట్టు మీద ఒత్తుకోండి. చల్లుకోవడానికి మైదా కాకుండా కార్న్‌ఫ్లోర్ వాడాలి. మైదాను పిండి పీల్చేసుకుని జిగురవుతుంది, కార్న్‌ఫ్లోర్ జారుతూ ఉంటుంది. ఒక మిల్లీమీటరు మందం దాకా ఒత్తండి. రేకును అరచేతి మీద పరిచి వెలుతురులో చూస్తే చేతి గీతలు లీలగా కనపడాలి. అప్పుడు 8 సెంటీమీటర్ల చదరాలు కోసుకోండి. అంచు ముక్కల్ని కలిపి, కాసేపు కప్పి ఉంచి మళ్లీ ఒత్తుకోవచ్చు.

చదరాలు కోసే ఓపిక లేకపోతే గోలీ కంటే కాస్త పెద్ద ఉండలు చేసి పూరీల్లా ఒత్తుకోండి. గుండ్రంగా ఉన్నంత మాత్రాన కొంప మునగదు.

రేకు మధ్యలో ఒక టీస్పూను ముద్ద పెట్టండి. ఇంకొంచెం పెడదామనే ఆశ వద్దు. రెండు పక్కల అంచుల్ని తడి వేలితో రాసి, మూలకి మూల కలిపి త్రికోణంగా మడవండి. ముద్ద చుట్టూ ముందు ఒత్తి గాలి బయటకు పంపి, ఆ తర్వాతే అంచులు మూయాలి. లోపల గాలి మిగిలితే మరిగే నీళ్లలో అది ఉబ్బి రేకును చింపేస్తుంది. కజ్జికాయ అంచు నొక్కడం వచ్చినవాళ్లకి ఇదేమీ కొత్త కాదు. ఇక్కడితో ఆపేసినా వాంటన్ తయారైనట్టే. హోటల్ రూపం కావాలంటే త్రికోణం రెండు కింది మూలల్ని వెనక్కి తిప్పి, ఒకదానిమీద ఒకటి తడిపెట్టి నొక్కండి.

ఇంకా సులువు పద్ధతి ఉంది. ముద్ద పెట్టాక రేకును పిడికిట్లో మూటలా దగ్గరకు లాగి మెడ దగ్గర గట్టిగా నొక్కేయడమే. అంచులు కుచ్చులా వదులుగా ఉండి, సూప్‌లో విచ్చుకుంటాయి. చిన్నపిల్లలు కూడా చేసేస్తారు.

చేసినవి కార్న్‌ఫ్లోర్ చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, గుడ్డ కప్పండి. అరగంట కంటే ఎక్కువ ఆలస్యమయ్యేట్టుంటే పళ్లేన్ని ఫ్రిజ్‌లో పెట్టేయండి.

ఉడకబెట్టడం

ఇంకో తపేలాలో రెండున్నర లీటర్ల మామూలు నీళ్లు మరిగించండి. వాంటన్లను నేరుగా సూప్‌లో వేయకూడదు. రేకుల మీదున్న కార్న్‌ఫ్లోర్ అంతా దిగిపోయి, గంటన్నర కష్టపడి తేటగా చేసుకున్న సూప్ గంజి అవుతుంది. గిన్నె ఎక్కువవుతుందని ఈ ఒక్క మెట్టు ఎగ్గొట్టకండి.

పది, పన్నెండు చొప్పున వేసి, గరిటె వెనకవైపుతో అడుగు నుంచి మెల్లగా కదపండి. మొదటి అర నిమిషం కదపకపోతే అడుగంటి చిరుగుతాయి. పైకి తేలాక మంట కాస్త తగ్గించి ఇంకో రెండు నిమిషాలు ఉంచండి. మొత్తం నాలుగైదు నిమిషాలు పడుతుంది. మొదటి విడతలో ఒకటి తీసి కోసి చూడండి. లోపల చికెన్‌లో గులాబీ రంగు ఎక్కడా ఉండకూడదు, రొయ్య ముక్క తెల్లబడాలి. ఆ లెక్కన మిగతావి చేసుకోండి.

ఈలోగా సూప్ పక్క పొయ్యి మీద పొగలు కక్కుతూ ఉండాలి. చిల్లుల గరిటెతో వాంటన్లు తీసి గిన్నెకి ఏడెనిమిది వేసి, మీద వేడి సూప్ పోయండి. ఉల్లికాడల పచ్చ భాగం, మిరియాల పొడి, రెండు చుక్కల నువ్వుల నూనె చాలు. రెండు పాలకూర ఆకులు అదే వేడి నీళ్లలో ముంచి తీసి వేసుకున్నా బాగుంటుంది. కారం కావాలనేవాళ్లకి పచ్చిమిర్చి చక్రాలు వెనిగర్‌లో నానబెట్టి పక్కన పెట్టండి. సూప్‌లో కలిపేస్తే అందరిదీ మారిపోతుంది.

లక్ష్మివారానికి, కార్తీకానికి

మన ఇళ్లలో మార్గశిర లక్ష్మివారాల్లో, కార్తీకంలో నీచు ముట్టరు. అప్పుడు పుట్టగొడుగులతో చేసుకోవచ్చు, అవి తినే అలవాటున్న ఇంట్లో. ఒడియా వాళ్లు పాళ ఛతు అనే వరిగడ్డి పుట్టగొడుగు మన సంతల్లో దొరుకుతుంది, చైనా వంటల్లోనూ దీనికి పెద్దపీటే. మామూలు ఫ్రిజ్ చలికి అది మెత్తబడి నీరుగారిపోతుంది కాబట్టి కొన్నరోజే వాడేయాలి. చలికాలంలో అది దొరకకపోతే బటన్ పుట్టగొడుగులు సరే.

200 గ్రాముల పుట్టగొడుగుల్ని సన్నగా తరిగి, నూనెలో నీరంతా ఇగిరేదాకా వేయించి చల్లార్చండి. అరకప్పు క్యాబేజీ తురుముకి ఉప్పు రాసి పది నిమిషాలాగి గట్టిగా పిండేయండి. 100 గ్రాముల పనీర్ చిదిమి, అల్లం, మిరియాల పొడి, సోయా సాస్, రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్‌తో అన్నీ కలపండి. తడి మిగిలితే రేకు చిరుగుతుంది, అందుకే ఇగరబెట్టడం, పిండడం రెండూ తప్పనిసరి. రేకు గుడ్డు లేకుండా చేయాలి. సూప్‌కి పుట్టగొడుగుల కాడలు, క్యాబేజీ పై ఆకులు, ఒక క్యారెట్, ముల్లంగి ముక్క, కొత్తిమీర కాడలు, అల్లం వేసి నలభై నిమిషాలు సన్నటి మంట మీద ఉంచి వడకట్టండి. క్యాబేజీ అంతకుమించి ఉడికితే ఒక రకమైన వాసన వస్తుంది. వాంటన్లు తేలిన నిమిషానికి తీసేయవచ్చు, లోపల పచ్చి మాంసం ఏమీ లేదు కదా.

మిగిలితే

ఉడకబెట్టని వాంటన్లను పళ్లెంలో విడివిడిగా ఫ్రీజర్‌లో పెట్టి, రెండు గంటలకు రాళ్లలా గట్టిపడ్డాక డబ్బాలోకి ఎత్తండి. నెలరోజులు బాగుంటాయి. వాడేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో వేసి రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించాలి. కరెంటు పోయి ఫ్రిజ్ గంటలకొద్దీ ఆగి, వాంటన్లు మెత్తబడి ఉంటే, చల్లగా ఉండగానే ఉడికించి తినేయాలి, మళ్లీ గడ్డకట్టించకూడదు. వెచ్చబడిపోతే పారేయడమే మంచిది. 2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్లకి అక్టోబరులో ఫ్రీజర్ నింపుకోవద్దని నేను చెప్పక్కర్లేదు.

ఉడికినవి మిగిలితే సూప్‌లో వదిలేయకండి, తెల్లారేసరికి ముద్దయిపోతాయి. విడిగా తీసి, నూనె చెయ్యి రాసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెనం మీద ఎర్రగా కాల్చుకోండి. మిగిలిన సూప్ రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలవ ఉంటుంది. వాడే ముందు ఒకసారి బాగా మరగనివ్వాలి.